మూడు జాడీల ద్రాక్షారసం

మల్లెపూల సంగతి అంత కష్టం కాదు, అవి కంటికి కనిపిస్తాయి. కనిపించగానే వాటి వాసన లోపల ఏ మూల నుంచో లేచి వచ్చి కూర్చుంటుంది. దాన్ని పట్టుకుని "బాగున్నాయే" అనెయ్యొచ్చు. చిక్కంతా కనబడని వాటితోనే. మూతపెట్టిన గిన్నెలో పప్పు అడుగంటుతుంటుంది, గోడ అవతల ఎవరో వంకాయ కాలుస్తుంటారు. అలాంటప్పుడు ఎదుటివాళ్ళ మొహాలు చూడాలి. వాళ్ళ ముక్కుపుటాలు కదిలితే తనవీ కదిలించాలి. వాళ్ళు "అబ్బ" అనబోతుంటే తను ఒక్క క్షణం ముందుగా "అబ్బ" అనాలి. ఎందుకంటే ఇన్నేళ్ళూ ముందుగా అన్నది తనే కదా.

"ఏరా, నిద్రపోతున్నావా?" అన్నాడు గౌరీశంకరం, స్టీరింగు ముందు కూర్చుని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

"లేదురా. ఊరికే కళ్ళు మూసుకున్నా."

"మూసుకో, మూసుకో. కాలవగట్టు మీద లకుముకిపిట్ట కూర్చుంది, నీ నిద్ర చెడగొట్టడం ఎందుకని ఎగిరిపోయింది."

బర్నబాస్ వెనక్కి తిరిగి చూశాడు. కాలవ నీళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. గట్టు మీద ఏమీ లేదు.

తెనాలిలో తెల్లవారగానే బయల్దేరారు ఇద్దరూ. కారు గౌరీశంకరానిది, పాత ఫియట్టు. అతను కాలేజీలో జువాలజీ లెక్చరరు. బర్నబాస్ మునిసిపల్ ఆఫీసులో గుమాస్తా, వాళ్ళ లూథరన్ సంఘంలో పెద్ద. ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు కనుక యాభై దాటినా ఏరా అంటే ఏరా అనుకుంటారు. ఏటా ఈస్టరు ముందు ఇలా ఒక రోజు వెళ్ళడం అలవాటు. పొద్దున రేపల్లె మీదుగా నిజాంపట్నం వెళ్ళి గౌరీశంకరం తన పక్షుల్నీ జంతువుల్నీ చూసుకుంటాడు. మధ్యాహ్నానికి బాపట్ల చేరి, కృపమ్మగారి ఇంట్లో బర్నబాస్ గుడిలో ప్రభువు బల్ల సంస్కారానికి ద్రాక్షారసం రుచి చూసి తీసుకుంటాడు. సాయంత్రానికి పొన్నూరు దారిన ఇల్లు చేరతారు.

"మద్యనిషేధం వచ్చాక మొదటి ట్రిప్పు ఇది," అన్నాడు గౌరీశంకరం. "దారిలో ఎవడైనా ఆపి డిక్కీ తియ్యమంటే నీ పేరే చెప్తాను. నేను సంధ్యావందనం చేసుకునేవాణ్ణి, నాకేం తెలియదంటాను."

"చెప్పు. నీ కారు, నీ డిక్కీ. ఏ పోలీసు నమ్ముతాడో చూద్దాం."

"పోయినేడాదైతే మీ కృపమ్మగారి సరుకు పాడైపోయినా గుంటూరెళ్ళి రెండు సీసాలు కొనుక్కుందురు. ఈ ఏడు కొట్లన్నీ మూసేశారు. ఇక మీ సంఘమంతా నీ ముక్కు మీద ఆధారపడిందిరా నాయనా."

బర్నబాస్ నవ్వాడు. నవ్వాలి కనుక నవ్వాడు.

జంపని దాటుతుంటే గౌరీశంకరం అద్దం పూర్తిగా దించి గట్టిగా ఊపిరి పీల్చి, "ఆహా, చెరకు ఉడుకుతోంది," అన్నాడు. బర్నబాస్ కూడా పీల్చాడు. చల్లటి గాలి ముక్కులోంచి వెళ్ళి గొంతులోకి దిగింది. అంతే. ఖాళీ గదిలోకి వెళ్ళి వచ్చినట్టుంది.

దసరా వెళ్ళాక వచ్చిన జ్వరం చేసిన పని ఇది. నాలుగు రోజులు జలుబూ జ్వరమూ ఉండి, రెండూ తగ్గాయి. తగ్గాక కాఫీ తాగితే వేడిగా, చేదుగా ఉంది గానీ కాఫీలా లేదు. నాలుకకు ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, కారం మండుతుంది. వాటి వెనకాల ఉండాల్సిన అసలు మనిషి మాత్రం లేడు. వాసన రేపు వస్తుంది, వచ్చేవారం వస్తుంది అనుకుంటూ క్రిస్మసు దాటించాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే అది రోగమవుతుంది. భార్య దేవకుమారికి కూడా చెప్పలేదు. ఆవిడ ఇప్పటికీ పులుసు దించే ముందు గరిటెలో కాస్త పట్టుకొచ్చి, "ఇంగువ సరిపోయిందా అండి?" అని అడుగుతుంది. ఆవిడ చెయ్యి ఎప్పుడూ తప్పదు కనుక "సరిపోయింది" అంటాడు. ఆవిడ తృప్తిగా వెళ్ళిపోతుంది.

చెప్పడానికేం? చెప్పొచ్చు. కానీ నోటిదాకా వచ్చిన ప్రతిసారీ మాట మార్చేసేవాడు. చిన్నప్పుడు ఇంట్లో ముగ్గురు మగపిల్లలు. పెద్దవాడికి చదువు ఉంది. రెండోవాడు గుడిలో పాట ఎత్తుకుంటే అందరూ తలలు తిప్పి చూసేవాళ్ళు. మూడోవాడికేం లేదని అందరూ అనుకుంటున్నప్పుడు, ఒకనాడు భోజనాల దగ్గర "నెయ్యి పాతది" అని వాసన చూసి చెప్పాడు. నాన్న నెయ్యి గిన్నె దగ్గరికి తీసుకుని చూసి, వీపు మీద చరిచి, "వీడికి ముక్కుందిరా" అన్నాడు. ఆ రోజు మొదలు. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు డేగిశా దించే ముందు బర్నబాస్ గారిని పిలవమనేవాళ్ళు. ఆఫీసులో మామిడిపళ్ళు వస్తే ముందు అతని బల్ల మీదికే వచ్చేవి. ఆ ముక్కు పోతే మిగిలే మనిషి ఎవరో అతనికి తెలియదు. వాణ్ణి అతనెప్పుడూ కలుసుకోలేదు.

రేపల్లెలో టిఫిన్ చేసి నిజాంపట్నం చేరేసరికి ఎండ ఎక్కింది. రేవు దగ్గర ఇసుక మీద చేపలు ఎండబోశారు. గౌరీశంకరం కారు దిగుతూనే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బైనాక్యులర్సు మెళ్ళో వేసుకుని, గబగబా నడిచాడు. బర్నబాస్ అతని వెనకే నింపాదిగా వెళుతూ, ఎండిన చేపల వెండిరంగు చూస్తూ నిలబడిపోయాడు.

చేపలు తిరగేస్తున్న ఆడమనిషి తలెత్తి చూసింది. "తులసే, తులసే, ఇటు చూడే," అని అవతలామెను పిలిచింది. "ఊళ్ళోంచి వచ్చినోళ్ళలో ముక్కు మూసుకోని బాబుగారిని ఇయ్యాలే చూత్తన్నా."

తులసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "ఏం బాబాయ్, మాలో కలిసిపోతావా ఏంటి? గంప ఇమ్మంటావా?"

బర్నబాస్ ఉలిక్కిపడి రుమాలు తీశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ ఇద్దరూ మరింత నవ్వారు. దూరం నుంచి గౌరీశంకరం కేక వేశాడు. "వాడు యోగి అమ్మా. వాడికి మల్లెపువ్వూ మట్టగిడసా ఒకటే."

ఊరు దాటాక మడ అడవి మొదలయింది. సముద్రపు పోటు తీసి ఉంది. పాయలో నీళ్ళు తగ్గి, బురద మెరుస్తోంది. మడచెట్ల వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. గట్టు మీద నడుస్తూ గౌరీశంకరం తన మామూలు గొంతు వదిలేసి గుసగుసగా మాట్లాడడం మొదలుపెట్టాడు. అవతల ఉప్పునేల పర్ర మీద, నీళ్ళు పలచగా నిలిచిన చోట, ఫ్లెమింగోలు వరసగా నిలబడి తలలు కిందికి పెట్టి నడుస్తున్నాయి. దూరానికి తెల్లగానే కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి రెక్కలు విప్పగానే లోపలి ఎరుపు ఒక్కసారిగా బయటపడింది. బర్నబాస్ అనుకోకుండా "అబ్బ" అన్నాడు. ఎవరి మొహమూ చూడకుండా అన్న "అబ్బ" అది. అయిదు నెలల్లో మొదటిది అయుండొచ్చు.

"చూశావా?" గౌరీశంకరం చిన్నపిల్లాడిలా మోచేత్తో పొడిచాడు. "ఆ బైనాక్యులర్సు తీసుకో. నాకు అలవాటే, నువ్వు చూడు."

కాసేపటికి పాయ మలుపులో నీటికుక్కలు కనిపించాయి. మూడు. ఒకదాని మీద ఒకటి పడుతూ, చేపను లాక్కుంటూ, మళ్ళీ మునిగి, మళ్ళీ తేలాయి. ఒకటి గట్టెక్కి ఒక మొద్దు చుట్టూ తిరిగి, ముక్కు ఆనించి చాలాసేపు వాసన చూసింది.

"నిన్న ఎవరు వచ్చి వెళ్ళారో అక్కడ చదువుతోంది," అన్నాడు గౌరీశంకరం. "దానికి ఊరంతా ముక్కులోనే ఉంటుందిరా. చుట్టాలూ పక్కాలూ అంతా."

బర్నబాస్ బైనాక్యులర్సు దించేశాడు.

అక్కడి నుంచి ఇంకా లోపలికి వెళ్ళారు. గౌరీశంకరం వెతుకుతున్నది బావురుపిల్లి. నీళ్ళలో దిగి చేపలు పట్టే పిల్లి. పన్నెండేళ్ళుగా ఈ మడల్లో తిరుగుతున్నాడు. అడుగులు చూశాడు, చేప ముళ్ళు చూశాడు, పిల్లిని మాత్రం చూడలేదు. ఒక మడచెట్టు దగ్గర ఆగి, బురదలో అరిగిపోయిన గుర్తు చూపించాడు.

"ఇది దానిదే అయుండొచ్చు. రాత్రి వచ్చి ఉంటే చెట్టు మొదట్లో మూత్రం చిమ్మి పోతుంది. ఒకసారి వాసన వస్తే మర్చిపోలేవు, అంత ఘాటు. నీకేమైనా వస్తోందిరా?"

ఆ అడగడంలో ఎంత ఆశ ఉందంటే, బర్నబాస్ అతని మొహంలో అది తప్ప ఇంకేమీ చూడలేదు. అయిదు నెలల అలవాటు ఒకటి ఉంది కదా. ఎదుటివాడి మొహం ఏం కోరుతోందో అదే నోట్లోంచి వచ్చింది. "ఆఁ. ఘాటుగానే ఉంది."

"నిజంగానా? ఎటువైపు?"

"ఇటే... ఆ మొదట్లో."

గౌరీశంకరం పంచె ఎగ్గట్టుకుని బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెట్టు మొదలుకు మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి పీల్చాడు. ఇటు జరిగి పీల్చాడు. పక్క చెట్టు దగ్గరికి పాకి పీల్చాడు. లేచి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వంగాడు. చాలాసేపు అలా చేశాడు. చివరికి గట్టెక్కి వచ్చి, బురద చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు.

"నాకేం తెలియట్లేదురా."

బర్నబాస్ చూపు పాయ మీదికి తిప్పుకున్నాడు.

"నీకు అంత దూరం నుంచే తెలిసింది. నాకు ముక్కు పెట్టినా తెలియలేదు." చిన్నగా నవ్వాడు. "కళ్ళజోడు నెంబరు మారింది, సరే. చెవి కూడా కాస్త మందగించింది, సరే. ఇది కూడా మొదలైందన్నమాట. ఎన్నిసార్లు అది పక్కనుంచే పోయిందో, నేనే పట్టుకోలేకపోయానేమో."

కర్లపాలెం దారి పట్టారు. కారు గుంతల్లో పడి లేస్తోంది. రెండు పక్కలా జీడిమామిడి తోటలు, సరుగుడు తోటలు. పిట్టలు ఎగురుతున్నా గౌరీశంకరం చూపించలేదు. ఒకసారి అద్దం దించి, బయటి గాలి పీల్చి, ఆలోచనలో పడి, మళ్ళీ అద్దం ఎత్తేశాడు. మరికాసేపటికి సీటు మీద పెట్టిన అరటిపండు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, దించేశాడు.

ఒక్క మాట చాలు. "అక్కడ వాసనేం లేదురా, నేనే ఊరికే అన్నా." అంతే. కానీ ఎందుకన్నావని అడుగుతాడు. అడక్కపోయినా, తనకే జవాబు చెప్పుకోవాలి. బర్నబాస్ ఆ మాటను నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడు. వాడు సరదాగా తీసుకుంటాడు, తిడతాడు, నవ్వుతాడు. పెద్ద విషయమేమీ కాదు. అయినా బాపట్ల రైలు గేటు వచ్చేసింది. గేటు వేసి ఉంది. గేటు తీసేలోగా చెబుదాం అనుకున్నాడు. గూడ్సు బండి పెట్టె తరవాత పెట్టెగా వెళ్ళిపోయింది. గేటు లేచింది.

కృపమ్మగారు రిటైరైన నర్సు. డెబ్భై దాటిన మనిషి, బర్నబాస్ అత్తయ్యా అని పిలుస్తాడు. పెంకుటిల్లు, వాకిట్లో కరివేపచెట్టు. కారు చప్పుడు వినగానే గుమ్మంలోకి వచ్చి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"రా నాయనా బర్నబాసూ. ఏవయ్యా పంతులుగారూ, ఈ ఏడు కూడా మా పాపంలో పాలు పంచుకోడానికి వచ్చావా? ఆ బురదేంటి, పంచె నిండా?"

"ఒక పిల్లి కోసం పాకానండి," అన్నాడు గౌరీశంకరం.

"దొరికిందా?"

"లేదండి."

"పెళ్ళీ పెటాకులూ లేకపోతే ఇంతే, పిల్లుల వెంట పాకాలి," అంటూ నీళ్ళు ఇచ్చింది. "కాళ్ళు కడుక్కో. మజ్జిగ తాగుదురు గానీ."

చీకటిగా ఉండే వెనకగదిలో మూడు జాడీలు. నల్లద్రాక్ష, పంచదార, కాసిని గోధుమలు వేసి, గుడ్డ వాసెన కట్టి, ఆరువారాలు మాగబెట్టింది. ఆవిడకు ఒక నియమం ఉంది. ప్రభువు బల్ల మీదికి వెళ్ళకముందు తను నోట పెట్టదు. చేసినవాళ్ళే బాగుందని చెప్పుకోకూడదంటుంది. సంఘం తరఫున వచ్చినవాళ్ళు చూసి బాగుందంటేనే క్యానులో పోస్తుంది. మూడు జాడీల్లో ఏదో ఒకటి ఒక్కోసారి పుల్లబడిపోతుంది. అది పచ్చళ్ళలోకి పోతుంది. తెలియక అది క్యానులో కలిసిందంటే మొత్తం పాడైపోయినట్టే.

మూడు చిన్న గాజుగ్లాసులు బల్ల మీద పెట్టి, ఒక్కో జాడీలోంచి కొంచెం కొంచెం పోసింది. గౌరీశంకరం కాళ్ళు కడుక్కుని వచ్చి, స్టీలు క్యాను మూత తీసి, గరాటు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. ఏటా ఆ పని అతనిదే.

"మీకు వాసన తెలుస్తుంది కదండీ మూత తియ్యగానే?" అన్నాడు బర్నబాస్. ఎలా అడిగాడో అతనికే తెలియలేదు.

"నాకా?" ఆవిడ చీరకుచ్చెళ్ళ దగ్గర దోపిన డబ్బా తీసి చూపించింది. "ముప్ఫై ఏళ్ళ నుంచి ముక్కుపొడి పీలుస్తున్నా. డ్యూటీలో ఆ వార్డు కంపు భరించలేక మొదలెట్టా. నా ముక్కు ఏనాడో తుస్సుమంది. పాలు విరిగినా పక్కింటి కరుణ వచ్చి చెప్పాలి నాకు." చిటికెడు తీసుకుని దర్జాగా పీల్చి, చీరచెంగుతో తుడుచుకుంది. ఆ మాట అనడంలో ఆవిడకు బరువేమీ లేదు. వాన పడలేదని చెప్పినట్టు చెప్పింది.

బర్నబాస్ మొదటి గ్లాసు తీసుకున్నాడు. వెనకటి ఏళ్ళలో అయితే గ్లాసు పెదవి దాకా కూడా వెళ్ళేది కాదు. గుడ్డ విప్పుతుండగానే, గుమ్మంలోంచే, "ఆ చివరిది పక్కన పెట్టెయ్యండి" అనేవాడు. ఇప్పుడు తాగాడు. తియ్యగా ఉంది, పుల్లగా ఉంది, గొంతులో కాస్త వేడి. రెండోది తాగాడు. తియ్యగా, పుల్లగా, కాస్త వేడి. మూడోది తాగాడు. పులుపు ఎక్కువుందా? ముందు తాగినవాటి పులుపు నాలుక మీద నిలిచి అలా అనిపిస్తోందా? నీళ్ళు పుక్కిలించి మళ్ళీ చూశాడు. మూడు గ్లాసుల్లోనూ ఎర్రటి నీళ్ళు, అంతే.

అలవాటుగా తలెత్తి ఎదుటివాళ్ళ మొహాల కోసం చూశాడు. అప్పుడు అర్థమైంది అతనికి. ఇక్కడ చదవడానికి మొహాలు లేవు. వాళ్ళిద్దరూ తన మొహాన్నే చూస్తున్నారు. కృపమ్మగారు రెండు చేతులూ ముందుకు కట్టుకుని, పరీక్ష రాసిన పిల్లలా నిలబడింది. గౌరీశంకరం గరాటు పట్టుకుని, స్నేహితుడి ముక్కు వైపు కొంచెం అసూయగా, కొంచెం గర్వంగా చూస్తున్నాడు. మూడువందల కుటుంబాలు ఆదివారం పొద్దున మోకాళ్ళ మీద వంగి తీసుకునేది ఈ క్యానులోంచే.

"ఏమంటావు నాయనా?" అంది కృపమ్మ. "ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు నువ్వు."

"వాడు ఈ ఏడు నిదానించాడండి," అన్నాడు గౌరీశంకరం. "నిషేధం భయం."

మూడింట్లో ఏదో ఒకటి అనాలి. ఒకవేళ మూడూ బాగుండొచ్చు. బాగుంటే ఏది చెప్పినా తప్పు కాదు. రెండు బాగున్నా, తప్పే అవకాశం తక్కువే. మనసు గబగబా సాకులు వెతికి అతని ముందు పెడుతోంది. పొద్దున మడచెట్టు దగ్గర కూడా అది ఇంతే చురుగ్గా పని చేసింది.

"ముందు మధ్యది పొయ్యండి అత్తయ్యా," అన్నాడు. "మధ్యది బాగుంది."

కృపమ్మ మరో మాట అడగలేదు. ఎందుకని గానీ, నిజమేనా అని గానీ అనలేదు. మొహం విప్పారింది. ముసలి చేతులతో జాడీని పొదివి పట్టుకుని, గరాటు వైపు వంచడం మొదలుపెట్టింది. గౌరీశంకరం గరాటు ముందుకు పట్టి, తలొంచి, ఎవరూ వినరనుకున్నాడేమో, నెమ్మదిగా, లోతుగా గాలి పీల్చాడు. తన ముక్కును తనే మళ్ళీ ఒకసారి పరీక్షించుకుంటున్నట్టు. అతని కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో అనబోయి, బర్నబాస్ వైపు చూసి, తలూపి ఊరుకున్నాడు. నాకే తెలియడం లేదులే అన్నట్టు ఉంది ఆ తలూపడం.

బర్నబాస్ జాడీ మూతి మీద అరచెయ్యి పెట్టాడు. అంచుదాకా వచ్చిన రసం వేళ్ళను తడిపి వెనక్కి జారిపోయింది.

"ఆగండత్తయ్యా."

ఆవిడ ఆగింది. జాడీ బరువుతోనే అతని వైపు చూసింది. అతను దాన్ని తన చేతుల్లోకి తీసుకుని కింద నిలబెట్టాడు. చెయ్యి తుడుచుకోలేదు. బల్ల మీది మధ్య గ్లాసు తీసుకున్నాడు. అది తన ముక్కుకు ఎంత దగ్గరలో ఉందో, అవతలి మనిషి ముక్కుకీ అంతే దగ్గరలో ఉంది. అయిదు నెలలుగా అతనికి ఆ లెక్క తోచలేదు.

గ్లాసు గౌరీశంకరం ముక్కు కిందికి తీసుకెళ్ళి, కదలకుండా పట్టుకున్నాడు.